అలలమీద రెండు దినములు



మేడ్చలు, శామీరుపేట ప్రాంతములవారికి సముద్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మన యూళ్ళనుండి అతి సమీపమున నున్న సముద్రపుటొడ్డునకు పోవలెనన్నను బాటవెంట మూడువందల కిలోమీటర్లు పోవలెను. మా తాతగారు ఎనుబదియేండ్లు బ్రదికియు సముద్రమును కన్నుల జూడకయే కాలము చేసిరి. ఆయనకు నీరనగా శామీరుపేట చెరువు, దాని దిగువ మళ్ళు, ఇంటిముందరి చేదబావి, అంతే. చెరువు అలుగు పారిన సంవత్సరము లోకమంతయు చల్లగా నున్నదని ఆయన యెంచెడివారు. అట్టి యింట బుట్టిన నేను అరువదితొమ్మిదవ యేట ఆఫ్రికాఖండమునకు బోయి, హిందూమహాసముద్రమున ఒక పలకమీద బోర్ల పడుకొని, అలతోపాటు ఒడ్డునకు వచ్చితిని. ఈ సంగతి వినిన మా యింటివారు మొదట నవ్విరి, పిమ్మట కోపించిరి. ఆ రెండు దినముల ముచ్చటయే నేడు మీకు విన్నవించుకొనుచున్నాను.

ముందుగా మా మిత్రుని గూర్చి చెప్పవలెను. 1970వ దశకమున నేను ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండగా మా వసతిగృహమున ఒక చిన్నవాడు వచ్చి చేరెను. నాకంటె ఒక యేడు చిన్న. ఊరేది యని యడుగగా దర్బను అనెను. మాలో నొకడు దానిని దర్భంగా యనుకొని, బీహారమున చలి యెట్లుండునని యడిగెను. ఆతడు నవ్వి, తనది దక్షిణాఫ్రికాలో నాతాలు సీమయందలి రేవుపట్టణమనియు, తన ముత్తాత విశాఖపట్టణము జిల్లానుండి అచటికి కూలికి పోయెననియు చెప్పెను. ఆతని తెలుగు వినుటకు వింతగా నుండెడిది. వంటయింటి మాటలు, దేవుని మాటలు, తిట్లు, ఈ మూడును స్వచ్ఛముగా వచ్చును; అవి నాయనమ్మ యొద్ద నేర్చినవి. అంతకుమించి యేమి మాటాడవలెనన్నను ఇంగ్లీషే. చదువుటయు వ్రాయుటయు రాదు. నేను ఆతనికి ఓనమాలు దిద్దించితిని. ఆతడు నాకు ఈత నేర్పెను. ఈ యిచ్చిపుచ్చుకోళ్ళతో మా స్నేహము కుదిరెను.

సెలవు దినములలో ఆతనిని మా యింటికి తీసికొని వచ్చెడివాడను. మొదటిసారి చెరువుకట్టమీద నిలిచినప్పుడు గాలికి నీరు చిన్న చిన్న తరగలుగా లేచుచుండెను. ఆతడు చాలసేపు చూచి, "అన్నా, మీ నీటికి ఆవలి గట్టు కనబడుచున్నదే!" యనెను. ఆ కాలమున మా పిల్లలు నడుమునకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టుకొని ఈత నేర్చెడివారు. ఆతడు అవి యన్నియు తీసివేయించి, నన్ను వెల్లకిల పరుండబెట్టి, తల క్రింద చేయి యుంచి, "భయపడిన మునుగుదువు, భయము విడిచిన తేలుదువు" అని చెప్పెను. అంత చక్కగా ఈదువాడు, మీ సముద్రపు సంగతి చెప్పుమనిన మాత్రము మాట మరలించెడివాడు. ఒకనాటి సాయంకాలము తూము ప్రక్కన రాతిమెట్లమీద గూర్చుండి తనంతట తానే చెప్పెను.

దర్బను పట్టణపు ముందరి సముద్రతీరము ఇసుక పరచిన పెద్ద రాజవీథివలె నుండును. ఆతడు పదునొకండేండ్ల బాలుడుగా నున్నప్పుడు తండ్రితో అచటికి పోయెను. తెల్లవారి పిల్లలు పలకలమీద నిలువబడి అలలపై నెగురుచు వచ్చుచుండిరి. ఆతడు అంతకుముందు అట్టి యద్భుతమును చూడలేదు. తెలియకయే చొక్కా విప్పి మోకాలిలోతు నీటిలోనికి పోయెను. ఒక పోలీసువాడు వచ్చి, కర్రతో ఒక బోర్డును చూపెను. ఆ స్థలము తెల్లజాతివారికి మాత్రమేయని దానిపై మూడు భాషలలో వ్రాసియుండెను. "మన తెలుగు లేదన్నా, అయినను మాకు అర్థమయినది" అని ఆతడు నవ్వుచు చెప్పెను గాని ఆ నవ్వు నాకు నచ్చలేదు. తండ్రి ఒక్క మాటయైన ననలేదట. వంగి, కొడుకు చొక్కా ఇసుకలోనుండి తీసి, దులిపి, తొడిగి, చేయి పట్టుకొని నడిచిపోయెనట. ఇంటికి చేరువరకు తండ్రికొడుకులు మాటాడుకొనలేదు.

ఇది యొకని యొక్క కష్టము కాదు, శాసనమే అట్లుండెను. 1953లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఉద్యానవనములు, రైళ్ళు, ఆసనములు, స్నానస్థలములు మొదలగు వానిని జాతులవారీగా వేరుచేయుటకు ప్రత్యేకముగ ఒక చట్టము చేసెను. సముద్రము దేవుడు చేసినది గదా, దానికి హద్దురాళ్ళెట్లు పాతిరని మీరనవచ్చును. నీటిలో పాతలేరు; ఇసుకలో పాతిరి. 1989 చివరను తీరములన్నియు అందరికిని తెరువబడినవి. మరుసటి యేడు ఆ చట్టమే రద్దయ్యెను.

చదువు ముగిసి ఆతడు తిరిగిపోయెను. పోయి చూచివత్తమన్న వీలులేదు. ఆ దేశపు వర్ణవివక్షకు నిరసనగా మన ప్రభుత్వము 1946లోనే దానితో వర్తకము మానియుండెను. మన పాసుపోర్టులమీద దక్షిణాఫ్రికా ప్రయాణమునకు చెల్లదని ముద్రించియుండెడిది. 1993లో రెండు దేశములకు రాయబార సంబంధములు మరల కుదిరినవి గాని, అప్పటికి నాకు సంసారము, పిల్లల పెండ్లిండ్లు. ఉత్తరములు మాత్రము తెగలేదు. ఆతడు వంకరటింకర తెలుగులిపిలో వ్రాసెడివాడు, "శామీరుపేట చెరువు నిండినదా?" యని ప్రతి యుత్తరమునను అడిగెడివాడు. చివరకు గత సంవత్సరము ఆషాఢమాసమున, ఇంక ఆగిన ఇద్దరిలో నెవరో యొకరము మిగులమని తోచి, విమానమెక్కితిని.

మన ప్రాంతమునుండి దర్బను ఏడువేల కిలోమీటర్లకు మించిన దూరము. భూమధ్యరేఖకు ఆవల నుండుటచే మన ఆషాఢము వారికి చలికాలము. మధ్యాహ్నమున సూర్యుడు ఉత్తరపు దిక్కున నుండును. నీడ దక్షిణమునకు పడును. రెండు దినములు నాకు దిక్కు తెలియక, సంధ్యావందనమునకు ఏ వైపు నిలువవలెనో మిత్రుని మనుమరాలి నడుగవలసివచ్చెను. ఆమె తన చేతిఫోనులో చూచి చెప్పెను. తూర్పు మాత్రము తూర్పే. అచటి తీరము విశాఖపట్టణపు తీరమువలె తూర్పుముఖముగ నుండుటచే ప్రొద్దు సముద్రమునుండియే పొడుచును.

శనివారము తెల్లవారుజామున మువ్వురము బయలుదేరితిమి: నేను, మిత్రుడు, ఆతని మనుమరాలు. ఆ బిడ్డకు పదునెనిమిదేండ్లు. తెలుగున "తాత", "నీళ్ళు", "రా", "వద్దు" అను నాలుగు మాటలకు మించి రావు గాని, ఆ నాలుగింటితోడనే నా ప్రాణములు కాపాడినది. ఆ సంగతి ముందు చెప్పుదును. ఆమె చిన్ననాటినుండియు అలలపై స్వారి నేర్చినది. దానిని ఇంగ్లీషున సర్ఫింగు అందురు. ముప్పదియైదేండ్లుగా తీరము తెరచియున్నను మా మిత్రుడు మాత్రము ఆ నీటిలో కాలు పెట్టలేదట. భార్యతో ఇసుకపై నడిచెను, పిల్లలను ఆడించెను, మనుమరాలు అలలపై నుండగా ఒడ్డున గూర్చుండి చూచెను, తాను దిగలేదు. ఎందుకని యెవ్వరడిగినను చలి యనెడివాడు. "నీవు వచ్చిన దిగుదునంటిని గదా అన్నా, వచ్చితివి, ఇక తప్పదు" అనెను. ఆ మాట ఆతడు 1970వ దశకమున తూము ప్రక్కన అనినది, నేను మరచిపోతిని.

ఈ విద్యను గూర్చి కొంత చెప్పవలెను. పసిఫిక్ మహాసముద్రమున హవాయి దీవులవారు పూర్వమునుండియు కొయ్యపలకలపై నిలిచి అలల నెక్కి వచ్చెడివారు. 1778, 1779 సంవత్సరములలో కుక్ అను నావికుని ఓడలవారు దానిని చూచి ఆశ్చర్యపడి వ్రాసిరి. ఆ దీవులవాడే యైన డ్యూక్ కహనమోకు అను గజయీతగాడు 1914లో ఆస్ట్రేలియావారికి చూపెను. క్రమముగా లోకమంతట వ్యాపించెను. ఆఫ్రికావారికి ఇది తెల్లవారు తెచ్చినదని కొందరందురు గాని అది సరికాదు. 1830వ దశకముననే పశ్చిమ తీరమున అక్రా పట్టణమున నల్లజాతి బాలురు తేలికపలకలు పొట్టక్రింద నుంచుకొని అలలతో ఒడ్డునకు వచ్చుటను ఒక బ్రిటిషు యాత్రికుడు చూచి వ్రాసియున్నాడు. నేరపరిశోధనకథలు వ్రాసి పేరుగాంచిన ఆగథా క్రిస్టీ అను ఇంగ్లీషు రచయిత్రి 1922లో కేప్‌టౌను దగ్గర ఇట్లే బోర్ల పడుకొని అలలపై వచ్చుట నేర్చినదట. ఆమె చేసినప్పుడు నేను చేయరాదా యని ధైర్యము తెచ్చుకొంటిని. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికిని స్థానము దొరకినది. మన దేశమున 2011లో దీనికొక సమాఖ్య యేర్పడినది.

ఇక అల సంగతి. అల వచ్చునప్పుడు నీరు వచ్చుచున్నదని మనమనుకొందుము. అది పొరపాటు. చెరువులో ఎండుటాకు తేలుచుండగా రాయి విసరిన, తరంగము ఒడ్డునకు వచ్చును గాని ఆకు వచ్చునా? ఉన్నచోటనే లేచి దిగును. సముద్రమునను అంతే. నలుబదవ అక్షాంశమునకు దక్షిణమున చలిసముద్రములో తుపానులు రేగును. ఆ గాలి నీటికిచ్చిన ఊపు వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేయును. నీరు మాత్రము తన చోటనే చక్రమువలె తిరుగును. ఆ ఊపు లోతు తక్కువయైన చోటికి వచ్చినప్పుడు అడుగుభాగము నేలకు తగిలి వెనుకబడును. పైభాగము ముందునకు తూలును. మీటరెత్తు అలయైన, లోతు సుమారు మీటరుంబాతికకు వచ్చుసరికి విరిగి పడును. తలపై మోపుతో నడచువాని కాలు గట్టుకు తగిలినట్లనుకొనుడు. విరుగుటకు సరిగా ముందు, వాలుగా లేచిన ఆ నీటికొండమీద పలక నుంచినవాడు జారుచు ముందునకు పోవును. కొండ ముందునకు కదలుచుండుటచే జారుట ముగియదు. రహస్యమంతయు ఇంతే. కాని చెప్పినంత సులభము కాదు.

వారి పలక కొయ్య కాదు. లోపల నురుగువంటి తేలిక పదార్థము, పైన గాజునారతో పూత. నేర్చుకొనువారికి మెత్తని పలకలిత్తురు. పలక దూరముగ పోకుండ కాలిమడమకు తాడు కట్టుదురు. చలికి ఒంటినంటియుండు రబ్బరుచొక్కా తొడిగిరి. అది తొడుగుకొనుటకే నాకును మిత్రునకును అరగంట పట్టినది. అయినను నీరు నేననుకొన్నంత చలిగా లేదు. ఉత్తరమునుండి అగుల్హాసు ప్రవాహమను వెచ్చని నీటివాహిని ఆ తీరము వెంబడి దక్షిణమునకు పారును. కావున చలికాలమునను నీటి వేడిమి ఇరువది డిగ్రీల యంచున నుండును. వేకువను భూమినుండి సముద్రమునకు వీచు చల్లగాలి అలల ముఖమును నున్నగా దువ్వును. అందుచే ఉదయమే మంచి సమయము.

సొరచేపల మాట మీరడుగుదురని యెరుగుదును. నేనును మొదట అదియే యడిగితిని. 1952లో దర్బను తీరమున నీటిలో వలలు కట్టిరి. అవి కంచెవలె పూర్తిగా అడ్డు నిలుచునవి కావు. వాని పైనుండియు ప్రక్కలనుండియు చేప రాగలదు. తీరమునకు వచ్చు సొరచేపల సంఖ్య తగ్గించును, అంతే. వానిలో తాబేళ్ళును డాల్ఫినులును చిక్కి చచ్చుచుండుట చూచి జాలిపడువారు ఇప్పుడక్కడ కలరు. నాకును జాలియే కలిగెను గాని, నీటిలో నున్నంతసేపు వలలవైపే మొగ్గితినని ఒప్పుకొనుచున్నాను.

మొదటిదినమున మాకు మ్రింగిన ఉప్పునీరు తప్ప వేరు ఫలము లేదు. మనుమరాలు ఇద్దరి పలకలను పట్టుకొని, వెనుకకు చూచి, తగిన అల రాగానే "తాతా, రా!" యని త్రోసెడిది. నేను ముక్కు ముందు మునిగెడివాడను. మిత్రుడు ప్రక్కకు దొర్లెడివాడు. ఎనిమిది, తొమ్మిదేండ్ల జూలూ పిల్లలు మా యిరుప్రక్కలను పక్షులవలె పోవుచు మమ్ము చూచి చేతులెత్తి కేకలిడుచుండిరి. వెక్కిరించిరో ఉత్సాహపరచిరో భాష తెలియక పోవుటచే మంచి యర్థమే తీసికొంటిని.

మధ్యాహ్నమున తీరమున మరియొక సందడి. ఆ మాసములలో చల్లనీటిపాయ ననుసరించి సార్డీనులను చిన్న చేపలు కోట్లకొలదిగా దక్షిణమునుండి ఆ తీరమునకు వచ్చును. పడవలో వల తీసికొనిపోయి అర్ధచంద్రాకారముగ విడిచి, రెండు కొసలను ఒడ్డున నిలిచి లాగుదురు. మన కోస్తావారి అలివి వల యిదియే. లాగువారిలో మన భారతీయ సంతతివారు కొందరుండిరి. మిత్రుడు వారిని చూపి, తన ముత్తాతయు అయిదేండ్ల కూలి యొడంబడిక తీరినపిమ్మట ఈ పనియే చేసెనని చెప్పెను. ఒడంబడిక తీరిన మనవారు కొందరు దర్బను రేవులోపలి సాలిస్‌బరీ ద్వీపమున గుడిసెలు వేసికొని వలవేటతో బ్రదికిరి. తరువాత అది నౌకాదళమువారి స్థావరమయ్యెను. 1961లో ఆ ద్వీపముననే, పాత సైనికుల బారకులలో, భారతీయుల కొరకు ప్రత్యేకముగా ఒక కళాశాల పెట్టిరి. మిత్రుని అన్నగారు పడవమీద దాటి అచటికి చదువనేగెను. "ముత్తాత గుడిసె యున్న చోటికి, వేరు కులమువానివలె, చదువుకొనుటకు పోయినాడు" అనెను.

ఈ కూలివారి చరిత్ర మన నైజాము ప్రాంతమువారికి అంతగా తెలియదు. ఎక్కువమంది మద్రాసు రాజధాని జిల్లాలనుండి పోయినవారు. 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ ఆ యేడు నవంబరు 16వ తేదీన 342 మందితో నాతాలు రేవు చేరినది. అదిమొదలు 1911 వరకు 1,52,184 మంది అట్లు పోయిరి. వారిలో మూడింట రెండుపాళ్ళు మద్రాసు రేవునుండి పోయినవారే. తమిళులు, తెలుగువారు. చెరకుతోటలలో పని. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు, ఆపై యేటికొక షిల్లింగు హెచ్చు. ఒడంబడిక తీరియు అచట నిలువదలచిన వారిపై మూడు పౌనుల తలపన్ను విధించుచు 1895లో శాసనము చేసిరి. 1913లో గాంధీమహాత్ముని నాయకత్వమున గనులవారు, తోటలవారు పని మాని జైళ్ళకు పోయినది ఆ పన్నుకొరకును. 1914లో అది తొలగినది. 1931లో అచటి తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకొని నేటివరకు భాషను, పండుగలను నిలుపుకొనుచున్నారు. మరియొక మాట వినుడు. 1996నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగమున, ఆ దేశప్రజలు వాడుకొను ఏయే భాషలను గౌరవముతో ప్రోత్సహింపవలెనో చెప్పు చోట తెలుగు పేరు కూడ వ్రాసియున్నది. అక్షరము కొంచెము తప్పి 'తెలెగు' అని పడినది. తప్పు పడినను పేరు పడినందుకు నాకు రోమాంచమైనది.

ఆదివారము ప్రాతఃకాలమున మరల దిగితిమి. ఆ దినమే నాకు గండము కలిగెను. పలక ఒడ్డున విడిచి నడుములోతున నిలిచి మిత్రుని చూచుచుంటిని. నేను నిలిచిన చోట అలలు విరుగక నీరు ప్రశాంతముగ నుండెను. అందుకే ఆ చోటు నెన్నుకొంటిని. అదియే నా తెలివితక్కువ. ఒడ్డునకు కొట్టిన నీరంతయు తిరిగి పోవలెను గదా. అది యొక సన్నని కాలువగా గూడి లోనికి పరుగిడును. చెరువులో తూము తెరచినప్పుడు దాని దగ్గరకు పోరాదని మన పిల్లలకు చెప్పుదుమే, అట్టిదే యిది; పైకి మాత్రము కనబడదు. క్షణమున కాళ్ళక్రింది యిసుక జారెను. ఒడ్డువైపు ఈదితిని, ఈదినకొలది ఒడ్డు దూరమగుచుండెను. అరువదితొమ్మిదేండ్ల యెదరొమ్ము డప్పువలె కొట్టుకొనుచుండెను. అప్పుడు ఆ బిడ్డ తన పలకమీద చేతులతో తెడ్లవలె కొట్టుకొనుచు వచ్చుచు, "తాతా, వద్దు! వద్దు!" అని కేకవేసి, చేతితో ప్రక్కకు చూపెను. ఒడ్డువైపు ఈదవద్దు, ప్రక్కకు పొమ్మని ఆమె భావము. ఆ వెంటనే మిత్రుని గొంతు వినవచ్చెను: "అన్నా, చెరువు! చెరువులో నేర్పినది!" వెల్లకిల తిరిగితిని. భయము విడిచితినని చెప్పను, విడిచినట్లు నటించితిని, అయినను తేలితిని. ఆ బిడ్డ వచ్చి పలక అందించెను. తీరమునకు సమానముగ ఏబదిగజముల దూరము పోవుసరికి ఆ లాగుడు ఆగెను; అలలు విరుగుచోటికి వచ్చితిమి.

మన పిల్లలిప్పుడు సెలవులకు సూర్యలంకకును, విశాఖకును గుంపులుగా పోవుచున్నారు; ప్రతి యేడు కొందరు తిరిగి రాకున్నారు. వారికి ఈత రాకపోవుటయే కారణమని అనుకొనరాదు. ఈత వచ్చినవారును ఈ యెదురునీటిలో ఈది అలసి మునుగుదురు. అలలు విరుగుచున్న తీరమున నడుమ నొకచోట మాత్రము నీరు నిండుగా, నల్లగా, నిమ్మళముగా కనబడెనా, అచట దిగరాదు. చిక్కినచో ఎదురీదక, తేలుచు, ప్రక్కకు పోయి ఆపైన ఒడ్డునకు రావలెను. పోవు పిల్లలకు ఈ రెండు ముక్కలు చెప్పి పంపుడని ప్రార్థన.

నన్ను కొంత నిలుకడకు తెచ్చి, ఆ బిడ్డ అచటనే ఒక అల చూచి, నా పలకను త్రోసినది. ఇదియే నేను మొదట చెప్పిన స్వారి. వెనుకనుండి ఎవరో ఎత్తినట్లయ్యెను, చెవులలో హోరు, పిమ్మట ఇసుక పొట్టకు తగిలెను. ఏడెనిమిది క్షణములకు మించియుండదు. ప్రాణభయమునకు మరుక్షణముననే అంత సంతోషము కలుగుట సిగ్గుచేటుగా నుండెను.

తరువాతి అలపై మిత్రుడు వచ్చెను. నిలువబడలేదు, మోకాళ్ళమీద లేవబోయి మరల బోర్ల పడెను. తల మాత్రము పైకెత్తి, నోరు తెరచి, ఏదో అరచుచు నా ప్రక్కనుండి పోయి జానెడు నీటిలో ఆగెను. ఆగి లేవలేదు. అలలు వచ్చి వీపు తడిపి పోవుచుండెను. మనుమరాలు భయపడి పరుగిడెను. ఆతడు చేయెత్తి వలదనెను. నేను పోయి ప్రక్కన గూర్చుంటిని. కొంతసేపటికి వ్రేలితో ఒడ్డును చూపి, "బోర్డు అక్కడనే యుండెడిది" యనెను. అచట ఇప్పుడు ఉప్పునీరు కడుగుకొనుటకు మంచినీళ్ళ కొళాయిలు కలవు. జూలూ తల్లి యొకతె బిడ్డకు నీళ్ళు పోయుచుండెను. "మా నాయన చూచిన బాగుండెడిది" అని మాత్రము అనెను. నేను "తమ్మీ, లే, చలి పట్టును" అంటిని. ఇంకేమనవలెనో నాకు తోచలేదు.

ఆ రాత్రి ఆతడు ఒక కాగితపు ప్రతిని తెచ్చి నా యెదుట బెట్టెను. ఓడలవారు వ్రాసికొనిన పట్టికలు నేటికిని కలవు. వానిలో కూలివాని సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది గురుతులు వరుసగా వ్రాసియుండును. ఇంటిపేరునకు గడి లేదు. అందుచే అచటి తెలుగువారిలో అనేకులకు ఇంటిపేరు తెలియదు. నాయుడు, రెడ్డి, చెట్టి యనునవే వంశనామములైనవి. మా మిత్రుని ముత్తాతకు ఇరువదిరెండేండ్లు, జిల్లా విశాఖపట్టణము, ఎడమ బుగ్గమీద మచ్చ. తాలూకా గడి చెరిగినది. గ్రామము పేరు మొదట 'కొత్త' అని కనబడును. ఆపైన కాగితము మడతలో చినిగినది. కొత్తవలసయో, కొత్తపేటయో, కొత్తూరో! ఆ సీమలో 'కొత్త' అను మాటతో మొదలగు ఊళ్ళెన్ని లేవు! అప్పటి విశాఖపట్టణము జిల్లా ఇప్పటిదానివంటిది కాదు. విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము సీమలన్నియు అందులోనివే. ఆతని కోరిక యొక్కటే: ఇంటిపేరు తెలిసిన, శ్రాద్ధమున పిండము పెట్టునప్పుడు చెప్పుకొనవలెనని.

ఈ ప్రసంగము వినువారిలోగాని చదువువారిలోగాని ఆ సీమతో చుట్టరికము గలవారుండిన, తమ యింట ముత్తాతల తరమున ఒక చిన్నవాడు మద్రాసు రేవునకు పోయి తిరిగి రాలేదను మాట విన్నవారుండిన, ఆకాశవాణివారిద్వారా నాకొక కార్డు వ్రాయుడని వేడుకొనుచున్నాను. మా మిత్రుడు ఈ వచ్చు మార్గశిరమాసమున మనుమరాలితో వచ్చుచున్నాడు. ముందు శామీరుపేటకు వచ్చి, పిమ్మట ఉత్తరాంధ్రమునకు ఊరూరు తిరుగబోవును. నేనును వెంట పోదును. ఆ బిడ్డకు చెరువు చూపవలెనట. మొన్న వ్రాసిన యుత్తరమున మరల అదియే ప్రశ్న: చెరువు నిండినదా, అలుగు పారుచున్నదా యని. జవాబు వ్రాయుటకు ముందు నిన్న సాయంకాలము కట్టమీదికి పోయి చూచి వచ్చితిని. అలుగునకు ఇంకను రెండు మూరలు తక్కువగా నున్నది.